కార్తీకంలో గోదావరి వంటిళ్లు

కాకినాడ హాస్టల్లో మా గదిలో పేర్లు పెట్టి పిలుచుకున్నది తక్కువ. ఊరి పేరే మనిషి పేరు. రాజమండ్రి, అంబాజీపేట, పాలకొల్లు, యానాం. నేను వరంగల్. సెలవుల నుంచి తిరిగొచ్చిన రోజు ఎవరి పెట్టెలో ఏముందో చూసుకుని, ఆ వారమంతా ఎవరి మంచం మీద చేరాలో తేల్చుకునేవాళ్లం. ఇప్పుడు అందరికీ నలభై దాటాయి. ఫోన్లో పిల్లల ఫీజులు, బీపీ మాత్రలు, పనిమనిషి సెలవులు అన్నీ అయ్యాక కూడా మాట వంట దగ్గరే ఆగుతుంది. "మీ ఇంట్లో ఆ కంద కూర ఎలా చేస్తారే?" అని అడిగితే, "ఏముంది, చివర్లో ఆవ పెట్టేయడమే" అంటుంది రాజమండ్రి. ఎంత పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది ఫోన్లో తేలదు.

అందుకే ఈ కార్తీకంలో ఒకరింటి నుంచి ఒకరింటికి తిరుగుతూ, ఎవరింట్లో వాళ్లు తమకు బాగా ఇష్టమైన వంట మొదటి నుంచి చివరిదాకా మిగతావాళ్ల కళ్లముందు చేయాలని ఒప్పందం. నా వంతుకు మా అమ్మ వాడిన పాత సర్వను, అంటే గుండ్రటి అడుగు గిన్నెను, తువ్వాల్లో చుట్టి సంచిలో పెట్టుకున్నాను. రైల్లో ఎదురు బెర్తు పెద్దాయన ఆ సంచీ కేసి చాలాసేపు చూసి, "పెళ్లి వంటకి వెళ్తున్నారా అమ్మా?" అని అడిగాడు.

గురువారం, రాజమండ్రి

కొవ్వూరు దాటి రైలు గోదావరి మీదకు వచ్చేసరికి సగం బోగీ లేచి కిటికీల దగ్గర చేరింది. పక్కనే పాత హేవలాక్ వంతెన. 1900 నుంచి రైళ్లను మోసి, 1997లో విశ్రాంతి తీసుకుంది. స్టేషన్ నుంచి ఇంటికి వెళ్లే దారిలో పుష్కరాల రేవు నుంచి తడిబట్టలతో తిరిగొచ్చే ఆడవాళ్లు ఎదురయ్యారు. కొందరి చేతుల్లో దీపాలు పెట్టగా మిగిలిన అరటి దొప్పలు.

రాజమండ్రి ఇంట్లో వంటిల్లు వాళ్ల అత్తగారిది. డెబ్బై దాటినా కత్తిపీట ముందు ఆవిడే కూర్చుంటారు. కార్తీకం నెలంతా ఉల్లి, వెల్లుల్లి ఆ గడప దాటి రావు. ఆవేళ కందబచ్చలి.

"చేతులకి నూనె రాసుకుని గానీ కంద ముట్టుకోకూడదమ్మా, దురద" అన్నారు. చెక్కు లోతుగా తీసి, ముక్కలు కాస్త పెద్దవిగా తరిగి, పసుపు వేసి ఉడకబెట్టారు. కంద సగం ఉడికాక బచ్చలాకు, పచ్చిమిరపకాయలు వేశారు. ఆకు మెత్తబడ్డాక చింతపండు రసం, ఉప్పు. చింతపండు ముందే వేస్తే కంద ఉడకదు, పలుకుగా ఉండిపోతుంది. గరిటె వెనకతో ఒక్కసారి అదిమి, ముక్క సగం చితికి సగం నిలబడేలా వదిలేశారు. పోపులో సెనగపప్పు, మినపప్పు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ. ఇంతవరకు ఎవరైనా చేస్తారు.

ఆ తర్వాత గిన్నె పొయ్యి మీంచి దింపి పక్కన పెట్టి, ఆవిడ తీరిగ్గా ఆవాలు తీశారు. చిన్న రోట్లో ఆవాలు, రెండు ఎండుమిరపకాయలు, ఉప్పురాళ్లు, నాలుగు చుక్కల నీళ్లు. నూరుతుంటే మొదట ఏ వాసనా లేదు. నీళ్లు తగిలి గింజ నలిగిన కాసేపటికి ఘాటు లేచి ముక్కులోకి ఎక్కింది. "పొడి ఆవపిండికి ఈ ఘాటు ఉండదు. అలాగని వేడి కూరలో వేశావో, ఘాటు చచ్చి చేదు మిగులుతుంది. గిన్నె చేత్తో పట్టుకోగలిగినప్పుడు కలపాలి" అన్నారు. గిన్నె అంచు తాకి చూసి, ఇంకా కాదని మళ్లీ కూర్చున్నారు.

"ఎన్ని ఆవాలు వేశారండీ?" అని పుస్తకం తీశాను.

"కూరకి సరిపడా."

చెంచాడు అని రాసుకున్నాను. ఆవిడ తొంగి చూసి, "అలా రాయకు. మీ ఊరి ఆవాలు ఎలాంటివో ఏమో" అన్నారు. ఈలోగా రాజమండ్రి మెల్లగా, "మా అమ్మ ఇందులో చిన్న బెల్లం ముక్క వేస్తుంది" అంది. కోడలు ఇరవై ఏళ్లుగా దాచుకున్న మాటలా ఉంది. అత్తగారు తల ఎత్తకుండానే, "బెల్లం వేస్తే పాయసం అనాలి, కూర అనకూడదు" అన్నారు. అక్కడి నుంచి అరగంట. బెల్లం వేస్తే ఆవ చేదు తెలియదని కోడలు. ఆవ సరిగ్గా పెడితే చేదే ఉండదు కాబట్టి బెల్లం పని పడదని అత్త. నేను నోరు మూసుకుని రాసుకున్నాను. అడిగితే "సరిపడా" అనే మనిషి, కోడల్ని ఒప్పించడానికి కొలతలన్నీ తనే చెప్పేశారు. పావు కిలో కందకి రెండు కట్టల బచ్చలి, నిమ్మకాయంత చింతపండు, ఆవాలు చిన్న చెంచాతో నిండుగా ఒకటి. అప్పుడే నాకు కిటుకు తెలిసింది. గోదావరి జిల్లాల్లో వంట నేర్చుకోవాలంటే, అడగడం కన్నా ఇద్దరి మధ్య వాదం పెట్టడం మేలు. మిగిలిన ప్రయాణమంతా ఆ పనే చేశాను.

శుక్రవారం, ధవళేశ్వరం మీదుగా

కారు రాజమండ్రిదే, నడిపేదీ తనే. ధవళేశ్వరం బ్యారేజీ మీద ఆపి కాసేపు నీళ్లు చూశాం. ఇక్కడ కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి ఆనకట్ట కట్టించాడు. అంతకుముందు ఈ డెల్టాలో కరువుకి జనం చచ్చిపోయారంటే, ఇప్పుడీ పచ్చదనం చూస్తూ నమ్మడం కష్టం. ఊరూరా ఆయన విగ్రహం ఉంటుంది. మేం ఈ వారమంతా తినబోయే అన్నం, రవ్వ, పూతరేకు, అన్నీ ఆ కాలువ నీళ్ల పంటే.

బొబ్బర్లంక దాటి, లొల్ల లాకుల మీదుగా ఆత్రేయపురం. పూతరేకుల గురించి రాయనివాళ్లు లేరు కాబట్టి ఎక్కువ చెప్పను. 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఒక ఇంటి అరుగు మీద ఓ అమ్మాయి రేకులు తీస్తుంటే నిలబడి చూశాం. బోర్లించిన కుండ, కింద పక్కగా ఉన్న కంతలోంచి కొబ్బరాకు మంట. పల్చటి బియ్యప్పిండి పాలల్లో గుడ్డ ముంచి కుండ మీద ఒక్కసారి పరిచి లాగేస్తుంది. గుడ్డ వెళ్లిపోయాక కుండ మీద ఏమీ లేనట్టే ఉంటుంది. రెండు క్షణాల్లో అంచు లేస్తుంది, అప్పుడు గానీ అక్కడ రేకు ఉందని తెలియదు. ఆ అమ్మాయి మాతో మాట్లాడుతూనే చేస్తోంది, కుండ కేసి చూడట్లేదు. మంట ఎక్కువైతే రేకు చిట్లుతుంది, తగ్గితే గుడ్డకే అంటుకొస్తుంది. బెల్లం పొడితో చుట్టినవి కొన్నాం. జీడిపప్పు, బాదం, చాక్లెట్ కూరినవీ అమ్ముతున్నారు. నా మటుకు నాకు నెయ్యి, బెల్లం ఉంటే చాలు. చాక్లెట్ పూతరేకు తిన్న పాలకొల్లు కూడా చివరికి ఆ మాటే అంది.

చీకటి పడేసరికి అంబాజీపేట చేరాం.

శనివారం, అంబాజీపేట

ఉదయం లేవగానే పెరట్లోకి తీసుకెళ్లి పనసచెట్టు కింద నిలబెట్టారు, ఆకులు కోయడానికి. ఇక్కడి పొట్టిక్కలు ఊరి పేరుతోనే తెలుసు అందరికీ. ఇడ్లీ పిండే. కాకపోతే పనసాకు బుట్టలో ఉడుకుతుంది. అంబాజీపేట బెంగళూరులో ఉద్యోగం చేస్తుంది, పుట్టింటికి వస్తే మొదటి రోజు టిఫిన్ ఇదేనట. వాళ్లమ్మగారిని మేం పిన్నిగారు అంటాం.

పిన్నిగారు ఆకులు ఏరడంలోనే పాఠం మొదలుపెట్టారు. లేతాకు ఆవిరికి మెత్తబడి చిరుగుతుంది, బాగా ముదిరినది మడత దగ్గర విరుగుతుంది. మధ్యస్థంగా, వంచితే మాట వినే ఆకు కావాలి. నాలుగు ఆకుల కాడలు మధ్యలో కలిసేలా పరిచి, ఒక్కొక్కటి పైకి మడిచి, పక్క ఆకుతో కలిపి కొబ్బరి ఈనె ముక్కతో గుచ్చుతారు. నాలుగు పుల్లలకి బుట్ట తయారు. ఆవిడ చేతిలో పది బుట్టలు అయ్యేసరికి మా నలుగురివీ కలిపి మూడు. పాలకొల్లు కుట్టిన దాని అడుగు నుంచి పిండి కారుతుంటే, "నువ్వు పచ్చడి చూడవే తల్లీ" అని పంపేశారు.

బుట్ట లోతు కాబట్టి ఇడ్లీ కన్నా ఎక్కువ సేపు ఉడకాలి. మూత తీసినప్పుడు వచ్చే వాసన పిండిది కాదు, పనసాకుది. ఆకు విప్పాక తెల్లటి పొట్టిక్క మీద ఆకు ఈనెల గీతలు అచ్చు పడి ఉన్నాయి. ఆకు అంటిన చోట పైపొర కొంచెం నున్నగా, లేత ఆకుపచ్చగా మారింది. లోపల దూది. వేడి మీద మధ్యలో గుంట చేసి నెయ్యి పోసి కారప్పొడి వేసుకున్నాను. కొబ్బరి పచ్చడి గిన్నె మటుకు వాళ్లు మధ్యలో పెట్టి వదిలేశారు. కొబ్బరి చెట్ల మధ్య ఉన్నవాళ్లకి కొలతలు ఉండవు.

మధ్యాహ్నం కొబ్బరి మార్కెట్ వైపు వెళ్లాం. కాయలు గుట్టలుగా పోసి, రకానికో రేటు కడుతున్నారు. అటక మీద నెలల తరబడి ఆరబెట్టిన కురిడీలు చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల గుండు కదిలే చప్పుడు. పిన్నిగారు చప్పుడు విని ఏది బాగుందో చెప్పేస్తారు. నాకు అన్నీ ఒకేలా వినిపించాయి.

సాయంత్రం నా పథకం అమలు చేశాను. కందబచ్చలి గురించి రాజమండ్రిలో రాసుకున్నది చదివి వినిపించి, "పిన్నిగారూ, మీరూ ఇలాగేనా?" అన్నాను. ఆవిడ వంటింట్లోంచి బయటికొచ్చారు. ఆవలో పచ్చికొబ్బరి వేసి నూరకుండా కూరేమిటన్నారు. కొబ్బరి వేస్తే మర్నాటికి వాసన వస్తుందని రాజమండ్రి అంది. మర్నాటిదాకా మిగలనిస్తే కదా అన్నారు ఆవిడ.

ఆదివారం, వనభోజనం

ఊరి చివర వాళ్ల బాబాయిగారి కొబ్బరితోట. కార్తీక వనభోజనం ఉసిరిచెట్టు కింద చేయాలంటారు. తోటలో ఉసిరిచెట్టు లేదు, అందుకని ఎవరో కొమ్మ తెచ్చి పాతారు. దాని మొదట్లో దీపం, పసుపు కుంకుమ, కొబ్బరికాయ. ఆ చిన్న కొమ్మ చుట్టూ మూడు నాలుగు కుటుంబాలు చాపలు పరుచుకున్నాయి.

ఇంటికో వంటకం చొప్పున గిన్నెలు దిగాయి. ఆవ పెట్టిన పులిహోర, గుమ్మడికాయ పులుసు, ముద్దపప్పు, అరటికాయ వేపుడు, కొత్త ఉసిరికాయ పచ్చడి, గారెలు, పరమాన్నం. అరిటాకు వేశాక తీపే ముందు వడ్డించారు. గుమ్మడికాయ పులుసులో బెల్లం ఎక్కువే. వరంగల్ నాలుక్కి మొదటి ముద్దలో పులుసా పానకమా అనిపించింది. ముద్దపప్పుతో కలిపి తింటే తెలిసింది ఆ తీపి ఎందుకో. పప్పు చప్పదనం, పులుసు తీపి, పక్కన ఉసిరికాయ వగరు, మూడూ ఒక ముద్దలో పడాలి. విడివిడిగా రుచి చూసి తీర్పు చెప్పడం తప్పు. అయినా నేనైతే బెల్లం సగం తగ్గిస్తాను, అది వేరే సంగతి.

పులిహోర చేసిన పెద్దావిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. "మీ వైపు పులిహోర ఎలా చేస్తారమ్మా?" పులిహోర సంగతి పక్కన పెట్టి, మా సద్దుల బతుకమ్మ గురించి చెప్పాను. ఆ రోజు బతుకమ్మని సాగనంపాక చెరువు గట్టునే అందరూ కూర్చుని పంచుకునే సద్దులు. పెరుగు సద్ది, చింతపండు సద్ది, కొబ్బరి సద్ది, నువ్వుల సద్ది. ఎవరి గిన్నెలోది ఎవరు తిన్నారో లెక్కుండదు. నువ్వుల సద్ది అనగానే ఆవిడ ఆగారు. నువ్వులు నూనె లేకుండా దోరగా వేయించి, ఎండుమిర్చి, ఉప్పుతో కచ్చాపచ్చాగా దంచి, పొడిపొడిగా వార్చిన అన్నంలో పోపుతో కలపడమే అన్నాను. "నల్ల నువ్వులా, తెల్లవా?" "మా ఇంట్లో తెల్లవి." "నల్లవైతే ఇంకా బాగుంటుంది కదా." ఆవిడ ఎప్పుడూ తినని వంటని అప్పుడే సరిదిద్దడం మొదలుపెట్టారు. పక్కన ఇంకొకావిడ తెల్ల నువ్వుల పక్షం చేరింది. నేను ఇక మాట్లాడనక్కర్లేకపోయింది.

సోమవారం, గన్నవరం, పాలకొల్లు

పొద్దున్నే పి.గన్నవరం. వైనతేయ పాయ మీదుగా కాలువ నీళ్లని దాటించే అక్విడక్ట్ ఇక్కడ ఉంది. కింద నది, పైన కాలువ. కొత్తగా కట్టిన దానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరంలో కాపురానికొచ్చి, 1909లో పోయేదాకా ఆవిడ ఆ ఇంటికి ఏ వేళకి ఎవరొచ్చినా అన్నం పెట్టారు. దారి వరదలతో తెగిపోయే లంక ఊళ్లలో ఆకలితో దిగినవాడికి కులమేదీ అడక్కుండా వడ్డించడం ఆ రోజుల్లో చిన్న సంగతేం కాదు. ఒకసారి అంతర్వేది తీర్థానికి బయల్దేరితే, దారిలో పిల్లలతో ఉన్న ఒక కుటుంబం "కాసేపు ఓర్చుకోండి, సీతమ్మ గారింటికి వెళ్తే అన్నం దొరుకుతుంది" అనుకోవడం విని, దర్శనం మానుకుని ఇంటికి తిరిగొచ్చి వండి పెట్టారని చెప్పుకుంటారు. బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఇప్పుడు ఆవిడ పేరే ఉంది. వంతెన మీద అంబాజీపేట అడిగిన ప్రశ్న నాకు నచ్చింది. "అన్ని వేళల్లో ఆవిడ ఏం వండి ఉంటారే?" పప్పు, పచ్చడి, మజ్జిగే అయుంటాయని రాజమండ్రి. అంతమందికి కొలత తెలియాలంటే ఎంత అనుభవం కావాలో అని నేను. వంటల సంగతి ఎవరూ రాసిపెట్టినట్టు లేరు.

రాజోలు, దిండి మీదుగా చించినాడ వంతెన దాటితే వశిష్ఠ అవతలి ఒడ్డు. పాలకొల్లులో కార్తీక సోమవారం అంటే ఊరంతా క్షీరారామం చుట్టూనే. పంచారామాల్లో ఇదొకటి. ద్రాక్షారామం, సామర్లకోట, భీమవరం, అమరావతి అన్నీ ఒక్క రోజులో చూపించే ఆర్టీసీ ప్రత్యేక బస్సులు గుడి వీధిలో వరసగా ఆగాయి. ఎత్తైన గాలిగోపురం నీడలో క్యూ కదలడం లేదు. నేను బయటి నుంచే దణ్ణం పెట్టుకున్నాను.

పాలకొల్లు ఇంట్లో అందరికీ ఉపవాసం. నక్షత్రం చూశాక ఫలహారం. ఆ ఫలహారమే దిబ్బరొట్టె. మధ్యాహ్నం నానిన మినపప్పు సాయంత్రానికి రుబ్బి, కడిగి పిండిన బియ్యపు రవ్వ కలిపారు. గ్లాసు పప్పుకి రెండు గ్లాసుల రవ్వ, జీలకర్ర, ఉప్పు. పిండి గట్టిగా ఉండాలి, పులవకూడదు. "పులిస్తే ఇడ్లీ అవుతుంది, దిబ్బరొట్టె కాదు" అన్నది పాలకొల్లు. బడిలో లెక్కలు చెప్పే మనిషి కాబట్టి కొలత అడగ్గానే చెప్పింది, వాదం పెట్టాల్సిన పని పడలేదు.

అడుగు మందంగా ఉన్న ఇనప మూకుడులో నూనె ధారాళంగా పోసి, కాగాక పిండి మొత్తం ఒకేసారి జారవిడిచింది. రెండు అంగుళాల మందం. మూత పెట్టి సన్నని మంట. పూర్వం మూత మీద కూడా నిప్పులు పోసేవారట, పైనా కిందా ఒకేసారి కాలడానికి. అరగంట ఎవరూ మూత తీయకూడదు. అంచుల వెంట నూనె చిటపటమంటూ నెమ్మదిగా వాసన మారుతుంది. మొదట పచ్చి మినప వాసన, తర్వాత వేగిన జీలకర్ర, చివరికి మాడుకి ఒక్క మెట్టు ముందు వచ్చే కమ్మని వాసన. ఆ మెట్టు దగ్గర తిప్పాలి.

ఆ అరగంటలో పక్క పొయ్యి నాకు ఇచ్చారు. మా సర్వపిండి కోసం సర్వ బయటికి తీశాను. బియ్యప్పిండిలో నానిన సెనగపప్పు, నువ్వులు, వేయించి చితక్కొట్టిన పల్లీలు, పచ్చిమిర్చి, కరివేపాకు. ఉల్లిపాయ పనికిరాదు కాబట్టి సొరకాయ తురిమి వేశాను. సొరకాయ తడికే పిండి కలుస్తుంది, నీళ్లు దాదాపు అక్కర్లేదు. నూనె రాసిన సర్వ లోపలి గోడలకి ముద్దని చేత్తో పల్చగా ఒత్తుకుంటూ పోయి, వేలితో అక్కడక్కడా చిల్లులు పెట్టి, ఒక్కో చిల్లులో చుక్క చుక్కగా నూనె. మూత, సన్నని మంట. పొయ్యి మీద సర్వను వంచి తిప్పుతూ ఉండాలి, లేకపోతే అడుగు మాడి గోడలు పచ్చిగా ఉంటాయి.

పాలకొల్లు వాళ్ల అత్తగారు రెండు గిన్నెల మధ్య నిలబడి చూశారు. "మీది పల్చగా, మాది మందంగా. గిన్నెకి పిండి అంటించి మూత పెట్టి కాల్చడం ఇద్దరిదీ ఒకటే" అన్నారు. నిజమే. ఇన్నేళ్ల స్నేహంలో మాకెవ్వరికీ తట్టలేదు. రెండింటికీ నూనె కింద నుంచే, రెండింటికీ అడుగు పొరే ప్రాణం. వాళ్ల దగ్గర రవ్వకి తోడు మినుము తెచ్చే మెత్తదనం. మా దగ్గర బియ్యప్పిండి గట్టిదనం, దాన్ని విరగ్గొట్టడానికి పల్లీ, నువ్వులు.

తేడా రెండో దాని దగ్గర బయటపడింది. ఒకటి తీసిన సర్వ కాలుతూ ఉంటుంది, అందులో చేత్తో పిండి ఒత్తలేం. సర్వ బయటి అడుగుని పళ్లెంలో నీళ్ల మీద ఆనించి చల్లార్చాను. బుస్సుమని ఆవిరి లేచింది. ఉపవాసం ఉన్న పిల్లలందరూ వంటింట్లోకి వచ్చేశారు. "ప్రతిదానికీ ఇలాగేనా?" అన్నారు అత్తగారు. ఇలాగే, లేదంటే రెండు సర్వలు ఉండాలి. "అయితే మీ వైపు కోడళ్లకి ఓపిక ఎక్కువ" అని తేల్చారు. ఆ మాట మా అమ్మకి ఫోన్లో చెబితే చాలాసేపు నవ్వింది.

చుక్క కనిపించాక దీపాలు వెలిగించి అందరం కింద కూర్చున్నాం. దిబ్బరొట్టె కింది పొర ఎర్రగా కరకరలాడుతూ, పైన మెత్తగా, మధ్యలో ఆవిరి. అల్లం పచ్చడి, చెరకు పానకం రెండూ వడ్డించారు. పానకంలో ముంచి తినమని పట్టుబట్టారు. నేను కారం కోసం చూసే మనిషిని, కానీ మినప రొట్టెకి చెరకు తీపి ఇంత అతుకుతుందని అనుకోలేదు. పిల్లలు మటుకు సర్వపిండి చుట్టూ చేరారు. ఒకడు దాన్ని కూడా పానకంలో ముంచాడు. నేను ఏమీ అనలేదు. బాగానే ఉందట.

మంగళవారం, యానాం

పాలకొల్లు నుంచి మళ్లీ చించినాడ, అమలాపురం, ముమ్మిడివరం మీదుగా ఎదుర్లంక వంతెన దాటితే యానాం. 1954 దాకా ఫ్రెంచివారి పాలనలో ఉంది, ఇప్పుడు పుదుచ్చేరిలో భాగం. గౌతమి ఇక్కడికి వచ్చేసరికి వెడల్పుగా, తొందర లేకుండా ఉంటుంది.

వానాకాలంలో వస్తే పులస చేప అనేవాళ్లు. "పుస్తెలమ్మైనా పులస తినాలి" అన్న మాట ఈ నది ఒడ్డునే పుట్టింది. ఎర్రనీరు తగ్గిపోయి తూర్పు గాలి తిరిగిన ఈ రోజుల్లో యానాం మాట్లాడేది చీరమీను గురించే. గోరంత కూడా లేని చేపపిల్లలు, నది మొగల్లో చీరలతో, సన్నని వలలతో పడతారు. తూకం ఉండదు. గ్లాసు, సోల, కుంచం, డబ్బున్నవాళ్లకి బిందె. గట్టు మీద పళ్లాల్లో పోసి అమ్ముతుంటే దూరం నుంచి తడి ఇసుక అనుకున్నాను. దగ్గరికి వెళ్తే ఇసుక రేణువుకో కన్ను ఉంది.

చిక్కేమిటంటే చీరమీను వచ్చేది కార్తీకంలోనే. రాజమండ్రికి, అంబాజీపేటకి నెలంతా నిష్ఠ. పాలకొల్లుకి సోమవారాలే, కాబట్టి తను మా జట్టు. యానాం వాళ్లమ్మగారు ఏమీ కంగారు పడకుండా పెరటి వైపు వేరే పొయ్యి వెలిగించి నిష్ఠవాళ్లకి మజ్జిగ పులుసు పెట్టేశారు. ఆ ఇంట్లో ఏటా ఉండే ఏర్పాటే అది.

చీరమీను కడగడమే సగం పని. పల్చటి గుడ్డలో పోసి నీళ్లలో జాడించి, నీరు పారబోసి మళ్లీ జాడించి, నీళ్లు తేటగా కనిపించేదాకా. ఇసుక ఒక్క రేణువు మిగిలినా పంటి కింద పడుతుంది. ఈ రోజుల్లో పచ్చి చింతకాయలు కూడా దొరుకుతాయి కాబట్టి పులుపు దాంతోనే. చింతకాయలు ఉడకబెట్టి పిసికి గుజ్జు తీశారు. నూనెలో ఉల్లి, పచ్చిమిర్చి వేగాక అల్లం వెల్లుల్లి ముద్ద, పసుపు, కారం, చింతకాయ గుజ్జు. పులుసు చిక్కబడి నూనె తేలాకే చీరమీను వేశారు. వేశాక గరిటె పెట్టలేదు. రెండు చేతులా దాక పట్టుకుని కుదిపారు. గరిటె తగిలితే అంతా ముద్ద అయిపోతుంది. కాసేపటికే దింపేశారు.

కొంచెం పక్కన పెట్టి, రుబ్బిన సెనగపప్పు ముద్దలో కలిపి గారెలు వేశారు. ఆ రెండింట్లో ఏది బాగుందంటే, అన్నంలో కలుపుకున్న చింతకాయ కూరకే నా ఓటు. మెత్తగా, పులుపు ముందు తగిలి, చేప రుచి ఆలస్యంగా వస్తుంది. ముల్లు అన్న మాటే లేదు. పాలకొల్లు ఇందులో గోంగూర అయితే బాగుండేదంది. అమ్మగారు గరిటె ఆపి, "గోంగూర రొయ్యల్లోకమ్మా" అన్నారు. పెరటి వైపు నుంచి, చేప నెలంతా ముట్టని రాజమండ్రి కూడా ఒక మాట వేసింది, మామిడికాయ అయితేనే మజా అని. తిననివాళ్లు మాట్లాడకూడదని యానాం, తినకపోతే తెలియదా అని రాజమండ్రి. చీకటి పడేదాకా అది నడిచింది, నా పుస్తకంలో రెండు పేజీలు నిండాయి.

బుధవారం, కాకినాడ

సాయంత్రం రైలు. యానాం నుంచి కాకినాడ దగ్గరే. దారిలో హాస్టల్ వీధి వైపు వెళ్దామా అనుకుని, ఆకలేస్తోందని మానేశాం.

ప్లాట్‌ఫాం మీద సంక్రాంతి సంగతి ఎత్తాను. ఈసారి వరంగల్ రమ్మన్నాను, సకినాలకి. బియ్యం నానబెట్టి తడిపిండి పట్టించి, నువ్వులు, వాము కలిపి, తెల్లగుడ్డ మీద వేళ్లతో చుట్టాలి. వరస మీద వరస, చెయ్యి ఆపకుండా. ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు, చుట్టుపక్కల ఆడవాళ్లంతా కూర్చోవాలి. పండగ రోజు ఇల్లు వదలడం కుదరదంది పాలకొల్లు. మేం వారం ముందే మొదలుపెడతాం కదా అన్నాను. యానాం అప్పటికే ఫోన్లో టికెట్లు చూస్తోంది. పండగకి జనమంతా హైదరాబాద్ నుంచి ఇటు వస్తారు, ఆ రోజుల్లో అటు వెళ్లే రైళ్లలో బెర్తులు బోలెడు ఖాళీ. నాలుగు బుక్ చేసేసింది.